సర్దికి అజిత్రో, మోషన్స్‌కి ఓఫ్లాక్స్: ఊళ్లో ఈ అలవాటు మాన్పించేది ఎట్లా?

చెరువుగట్టు – ప్రశ్న (ప్రతి భాగం పైన ఉన్నది అది రాసినవాళ్ల మారుపేరు)

మాది నల్గొండ వైపు ఊరు. ఆరు వందల గడప, రెండు మెడికల్ షాపులు, ముగ్గురు ఆర్‌ఎంపీలు. పీహెచ్‌సీ తొమ్మిది కిలోమీటర్లు. ముక్కు కారితే అజిత్రోమైసిన్ 500 మూడు గోళీలు, మోషన్స్ అయితే ఓఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ రెండు, ఒళ్లు నొప్పులంటే సూది. ఈ యాంటీబయాటిక్ గోళీలకు (బ్యాక్టీరియా క్రిములను చంపే మందులకు) డాక్టర్ చీటీ అడిగేటోళ్లు లేరు, చూపించేటోళ్లు లేరు. దెబ్బ తగిలితే గొట్టం గోళీ (క్యాప్సూల్) విప్పి పుండు మీద పౌడర్ చల్లుకుంటరు. మిగిలిన గోళీలు డబ్బాల దాచి పక్కింటోళ్లకు ఇస్తరు.

నవంబర్ 18 నుంచి 24 దాకా యాంటీబయాటిక్స్ మీద అవగాహన వారం కదా. యువజన సంఘం, మహిళా సంఘాలు కలిసి ఏదన్నా చేద్దామంటున్నయి. బ్యానర్ పట్టుకొని ర్యాలీ తీసి ఫొటో దిగితే ఏం మారదని మాకూ తెలుసు. అడిగేది మూడు సంగతులు. షాపుల విషయంల చట్టం ఏం చెప్తది, వాళ్లతోని ఏం మాట్లాడాలె? ఆర్‌ఎంపీలతోని గొడవ పడకుండ ఎట్ల? మూడోది అసలు భయం: "యాంటీబయాటిక్ వద్దు" అని మేం ప్రచారం చేసినంక నిజంగ అవసరమున్న పసిపిల్లకు మందు ఆలస్యమైతే ఎవరు జవాబు చెప్పాలె?

మందుల బీరువా

షాపుల సంగతి నేను చెబుతాను. ముందు ఒక జాగ్రత్త. "ఎర్ర గీత ఉన్న మందు వాడొద్దు" అని మాత్రం మైకులో చెప్పకండి. 2016లో కేంద్రం మొదలుపెట్టిన ఎర్ర గీత ప్రచారం అందరికీ సగమే గుర్తుంది. ఆ గీత డాక్టర్ చీటీ మీదే అమ్మాల్సిన మందులన్నిటికీ గుర్తు, ఒక్క యాంటీబయాటిక్‌కే కాదు. చాలా బీపీ, షుగర్, ఫిట్స్ గోళీల మీదా ఉంటుంది. మీ మాట సగం విని ఎవరో పెద్దాయన బీపీ గోళీ మానేస్తే కొత్త ప్రమాదం. "ఎర్ర గీత ఉంటే డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టొద్దు, అడగకుండా మానొద్దు" అని రెండూ కలిపి చెప్పాలి.

చట్టం క్లుప్తంగా ఇదీ. అమాక్సిసిలిన్, అజిత్రోమైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ వంటివి షెడ్యూల్ హెచ్. చీటీ లేకుండా అమ్మకూడదు. అంతకంటే గట్టిది షెడ్యూల్ హెచ్1, 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. సెఫిక్సిమ్, సెఫ్‌పోడాక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్, లీవోఫ్లాక్సాసిన్, మెరోపెనెమ్, టీబీ మందులు ఇందులోకి వస్తాయి. వీటికి వేరే రిజిస్టర్ పెట్టాలి. రాసిన డాక్టర్ పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చారో ఎక్కించి మూడేళ్లు దాచాలి. స్ట్రిప్ మీద ఎర్ర గీతల డబ్బాలో హెచ్చరిక ఉంటుంది. ఆర్‌ఎంపీ తెల్ల కాగితం మీద రాసిచ్చింది చట్టం దృష్టిలో చీటీ కాదు. పోయినేడు డాక్టర్ రాసిన చీటీ కూడా చెల్లదు. మళ్లీ ఇవ్వొచ్చని ఆయన రాస్తే తప్ప ఒక చీటీకి ఒకసారే మందు.

ఇదంతా షాపాయన కంటే మీకు బాగా తెలుసన్నట్టు మాట్లాడితే పని జరగదు. ఆయనకు రూల్ తెలుసు. ఆయన బాధ వేరే: "నేనివ్వకపోతే ఎదురు షాపులో ఇస్తాడు, దాంతోపాటు నెల సరుకు మందులూ అక్కడే కొంటారు." కాబట్టి ఇద్దరితో విడివిడిగా కాదు, ఒకేరోజు, ఒకేచోట కూర్చోండి. ఒక్కరే ఒప్పుకుంటే రెండు వారాల్లో ఒప్పందం చచ్చిపోతుంది. అన్నీ ఒకేసారి అడగొద్దు. మొదటి మూడు నెలలకు రెండే అడగండి. ఒకటి, పన్నెండేళ్లలోపు పిల్లలకు చీటీ లేకుండా ఏ యాంటీబయాటిక్ సిరప్ ఇవ్వొద్దు. రెండు, ఎవరికైనా సరే హెచ్1 మందులు చీటీ లేకుండా ఇవ్వొద్దు. ఈ రెండింటికీ ఊళ్లో ఎవరూ అడ్డు చెప్పరు. అజిత్రో గొడవ తర్వాత చూసుకోవచ్చు, దాని అమ్మకం ఎక్కువ కాబట్టి మొదటి రోజే దాన్ని పట్టుకుంటే మాటలు ఆగిపోతాయి.

కౌంటర్ దగ్గర మాట కూడా తయారుగా ఉండాలి. "ఇవ్వను" అంటే గిరాకీ కోపంగా పోతుంది. "ఎన్ని రోజులైంది, జ్వరం ఉందా, ఆయాసం ఉందా" అని మూడు ప్రశ్నలు వేసి, పారాసిటమాల్, ఓఆర్ఎస్, జింక్, ముక్కుకు సెలైన్ చుక్కలు చేతిలో పెట్టి, "రెండు రోజుల్లో తగ్గకపోతే చీటీ తెచ్చుకో అన్నా" అంటే ఊరికే పంపినట్టు ఉండదు. షాపుకి నాలుగు రూపాయలు కూడా మిగులుతాయి. ఆ నాలుగు సరుకులూ ముందు అరలో ఉండాలి, యాంటీబయాటిక్ వెనక అరలో ఉండాలి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ చెయ్యి దేనికి అందితే అదే అమ్ముడవుతుంది.

చీటీ మీద ఇచ్చేటప్పుడు జరిగే తప్పులు ఇంకో కథ. స్ట్రిప్ కోసి రెండు గోళీలిస్తే బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ ఉన్న ముక్క ఎక్కడో పోతుంది. ఎక్స్‌పైరీ ఉన్న వైపు చివరిదాకా షాపులో మిగిలేలా కోయాలి, కొన్నవాళ్లు ఫోన్‌తో స్ట్రిప్ వెనక ఫొటో తీసుకోవాలి. కేరళలో యాంటీబయాటిక్స్‌ని వేరే నీలం కవర్‌లో ఇవ్వడం మొదలుపెట్టారు. మీరు అంత చెయ్యక్కర్లేదు, మామూలు కవర్ మీద స్కెచ్‌తో పేరు, పొద్దున ఎన్ని, రాత్రి ఎన్ని, ఏ తారీఖు దాకా అని రాసిస్తే చాలు. ఆఖరి తారీఖు రాయడం ముఖ్యం. "ఐదు రోజులు" అంటే మూడో రోజుకే లెక్క తప్పుతుంది.

పిల్లల పొడి సిరప్ దగ్గర సగం డోసులు తప్పుపోతాయి. సీసాని తట్టి పొడి వదులు చెయ్యాలి. మరిగించి పూర్తిగా చల్లార్చిన నీళ్లు, లేదా పెట్టెలో వచ్చిన నీళ్లు, ముందు సగం పోసి గట్టిగా ఊపాలి, తర్వాత గీత దాకా పోయాలి. నురగ దిగాక మట్టం గీత కిందికి జారుతుంది, అప్పుడు మళ్లీ గీత దాకా నింపాలి. నురగనే నీళ్లనుకొని ఆపేస్తే మందు చిక్కనై డోసు ఎక్కువ పడుతుంది. వేడి నీళ్లు పోస్తే మందు పాడవుతుంది. వాడే ప్రతిసారీ ఊపాలి, లేకపోతే మొదటి రోజులు నీళ్లు, చివరి రోజులు మందు ముద్ద. కలిపిన తారీఖు లేబుల్ మీద రాయాలి. అమాక్సిసిలిన్-క్లావులనేట్ అయితే ఫ్రిజ్‌లో పెట్టి ఏడు రోజుల్లో పారేయాలి. ఇంట్లో ఫ్రిజ్ లేదని డాక్టర్‌కి ముందే చెబితే నీళ్లలో కరిగే గోళీలు రాస్తారు. వంటింటి చెంచాతో కొలవొద్దు, మూత మీద గీతలున్నది అందుకే.

తెల్లకోటు

మీ మూడో ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యం. మన పల్లెల్లో రెండు జబ్బులూ పక్కపక్కనే ఉన్నాయి: అక్కర్లేనివాళ్లకు మందు ఎక్కువ, అక్కర ఉన్న పసివాళ్లకు మందు ఆలస్యం. కాబట్టి "యాంటీబయాటిక్ వద్దు" అన్న పోస్టర్ ఒక్కటే అంటించకండి. పక్కనే "ఇవి కనిపిస్తే ఆగొద్దు" అన్న పోస్టర్ ఉండాలి. రెండోదే పెద్ద అక్షరాల్లో ఉండాలి.

పిల్లలకు ఊపిరి లెక్కపెట్టడం ప్రతి మహిళా సంఘంలో ఇద్దరికి నేర్పండి. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి పొట్ట, ఛాతీ కదలిక చూస్తూ ఫోన్‌లో నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పావు నిమిషం చూసి నాలుగుతో గుణిస్తే తప్పు వస్తుంది, పసివాళ్ల ఊపిరి ఒక తీరుగా ఉండదు. రెండు నెలల లోపు బిడ్డకు 60 లేదా పైన, రెండు నెలల నుంచి ఏడాది దాకా 50 లేదా పైన, ఏడాది నుంచి ఐదేళ్ల దాకా 40 లేదా పైన ఉంటే ఊపిరి వేగంగా ఉన్నట్టు. అది మామూలు జలుబు కాదు, ఆరోజే పీహెచ్‌సీకి తీసుకురావాలి. పక్కటెముకల కింద డొక్క లోపలికి పోవడం, పాలు తాగలేకపోవడం, తిన్నదంతా కక్కేయడం, మగతగా పడి ఉండటం, ఫిట్స్ వస్తే ఊపిరి లెక్కే అక్కర్లేదు, 108కి ఫోన్ చెయ్యాలి. రెండు నెలల లోపు బిడ్డకు ఒళ్లు వేడిగా ఉన్నా, చల్లబడిపోయినా నేరుగా ఆస్పత్రికే. ఈ పిల్లల్లో యాంటీబయాటిక్ ప్రాణం కాపాడుతుంది, అది పూటలో మొదలవ్వాలి.

ఇక మిగతా జలుబు, దగ్గు. ఎక్కువ భాగం వైరస్‌వే, వాటికి యాంటీబయాటిక్ పని చెయ్యదు. జలుబు వారం, పది రోజులుంటుంది, దగ్గు రెండు మూడు వారాలు సాగొచ్చు. చీమిడి పచ్చగా మారిందంటే ఇన్ఫెక్షన్ ముదిరిందని జనం నమ్మకం, కొందరు డాక్టర్లదీ అదే. రంగును బట్టి బ్యాక్టీరియా అని చెప్పలేం. అజిత్రో వేసుకున్న మూడో రోజుకి తగ్గిందంటే, ఆ రోజుకి ఎలాగూ తగ్గేదే. ఈ ఒక్క మాట బాగా విడమర్చి చెప్పగలిగితే మీ వారం సగం గెలిచినట్టే, ఎందుకంటే "నాకు పని చేసింది కదా" అన్నదానికి జవాబు అదే.

జ్వరానికి పారాసిటమాల్ పిల్లల బరువుకి కిలోకి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి, రోజుకి నాలుగుసార్లు దాటొద్దు. పది కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములు. సీసా మీద 5 మి.లీ.లో 125 అని ఉంటే 6 మి.లీ., 250 అని ఉంటే 3 మి.లీ. రెండు రకాల సీసాలూ ఒకేలా కనిపిస్తాయి. చుక్కల మందు ఇంకా చిక్కన, దాన్ని సిరప్ మూతతో పోస్తే ప్రమాదం. ఏడాది దాటిన పిల్లలకు దగ్గుకి అర చెంచా తేనె ఇవ్వొచ్చు, ఏడాది లోపు తేనె అసలు వద్దు.

మోషన్స్‌కి కూడా చాలావరకు యాంటీబయాటిక్ పనేం లేదు. లీటరు ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం ఒక్కసారే లీటరు నీళ్లలో కలపాలి, కొంచెం కొంచెంగా గ్లాసులో వేస్తే ఉప్పు లెక్క తప్పుతుంది. 24 గంటల తర్వాత పారబోయాలి. ప్రతి విరేచనం తర్వాత రెండేళ్ల లోపు వాళ్లకు 50 నుంచి 100 మి.లీ., పెద్ద పిల్లలకు 100 నుంచి 200. వాంతి అయితే పది నిమిషాలు ఆగి చెంచాతో పట్టాలి. జింక్ ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకి 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల వాళ్లకు 10, పద్నాలుగు రోజులు. మోషన్ ఆగింది కదా అని మూడో రోజే జింక్ మానేస్తారు, అది తప్పు. అట్టపెట్టెల్లో వచ్చే తియ్యటి డ్రింకులు ఓఆర్ఎస్ కావు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడాక 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ అలాంటి డ్రింకుల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. మలంలో నెత్తురు పడితే, కళ్లు లోపలికి పోతే, కలరా అనుమానం ఉంటే డాక్టర్ చూడాలి, అప్పుడు యాంటీబయాటిక్ అవసరం పడొచ్చు.

వానాకాలం జ్వరాల సంగతి వేరేగా చెప్పాలి. డెంగీకి ఏ యాంటీబయాటిక్కూ పని చెయ్యదు, పైగా నొప్పికని ఇచ్చే డైక్లోఫెనాక్ సూది రక్తస్రావం తేవచ్చు. మూడో రోజు జ్వరానికే విడాల్ టెస్ట్ చేసి "టైఫాయిడ్" అని వారం రోజుల సూదులు వేయడం మన రెండు రాష్ట్రాల్లో నిత్యం జరిగేదే. ఒక్క విడాల్ రిపోర్టుని నమ్మి టైఫాయిడ్ అనలేం. పాత ఇన్ఫెక్షన్ వల్ల కూడా ఆ సంఖ్యలు పెరిగి ఉంటాయి. అసలు పరీక్ష బ్లడ్ కల్చర్ (నెత్తురులోని క్రిమిని పెంచి చూసేది), అది మొదటి యాంటీబయాటిక్ పడకముందే తీయాలి. ఒక సూది పడ్డాక తీసిన కల్చర్‌లో క్రిమి దొరకడం కష్టం. ఐదారు రోజులుగా జ్వరం, పొలం పని లేదా పొదల్లో తిరిగే అలవాటు ఉంటే చంకలో, గజ్జల్లో, రొమ్ముల కింద సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు ఉందేమో చూడమనండి. స్క్రబ్ టైఫస్ కావచ్చు. దానికి ఖరీదైన సెఫ్ట్రియాక్సోన్ సూది పని చెయ్యదు, చవకైన డాక్సీసైక్లిన్ పని చేస్తుంది. "పవర్ ఎక్కువ మందు" అనే మాట ఎంత తప్పో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

రెండు వారాలు దాటిన దగ్గు అయితే లీవోఫ్లాక్సాసిన్ జోలికి పోవద్దు. అది టీబీ క్రిమిని కొంత అణచి పెడుతుంది, దగ్గు తగ్గినట్టనిపిస్తుంది, కళ్లె పరీక్షలో దొరకదు, నెలలు పోతాయి. ఈలోపు ఇంట్లో వాళ్లకు అంటుతుంది. కళ్లె పరీక్ష, మందులు పీహెచ్‌సీలో ఉచితం.

కొత్త చిగురు

ఇంత వివరం జనానికి ఎక్కుతుందా సార్? "కోర్సు పూర్తిగా వాడండి" అని ఒక్క లైను గోడ మీద రాస్తే సరిపోదా?

తెల్లకోటు

సరిపోదు, తిరగబడుతుంది కూడా. జలుబుకి షాపులో కొన్న అజిత్రోని "పూర్తి కోర్సు" వాడితే అక్కర్లేని మందు రెండు గోళీలకు బదులు ఐదు మింగినట్టు. గోడ మీద రాయాలంటే "డాక్టర్ రాస్తేనే, రాసినన్ని రోజులు" అని రాయండి. ఆ రోజుల లెక్క జబ్బుని బట్టి మారుతుంది. పిల్లల న్యుమోనియాకు అమాక్సిసిలిన్ ఐదు రోజులు, ఆడవాళ్ల మామూలు మూత్రం మంటకు నైట్రోఫ్యురంటోయిన్ ఐదు రోజులు, స్ట్రెప్టోకాకస్ గొంతునొప్పికి పది రోజులు, మధ్యలో మానితే కీళ్లవాతం, గుండె కవాటాల జబ్బు రావొచ్చు కాబట్టి. టీబీకి నెలలు. అందరికీ ఒకే అంకె చెప్పకండి. ఒంటి మీద దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం వస్తే మాత్రం కోర్సూ గీర్సూ చూడకుండా ఆపి వెంటనే రావాలి.

ఇంకోటి, "వేడి చేస్తుంది" అని గోళీ పాలతోనో మజ్జిగతోనో మింగుతారు. అమాక్సిసిలిన్‌కి ఫర్వాలేదు. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ మాత్రం పాలలోని కాల్షియానికి అతుక్కుపోయి ఒంటికి పట్టవు. గోళీ వేసుకున్నాక కనీసం రెండు గంటల దాకా పాలు వద్దు. డాక్సీ అయితే నిండు గ్లాసు నీళ్లతో, వేసుకున్నాక అరగంట పడుకోకుండా. లేకపోతే గొంతు కింద గొట్టం కాలి పుండవుతుంది, దాన్నే "వేడి" అనుకొని మానేస్తారు.

డాక్టర్‌ని అడగడం కూడా నేర్పండి: "ఇందులో యాంటీబయాటిక్ ఏది సార్, దేనికి రాశారు?" 2024 జనవరిలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్, యాంటీబయాటిక్ రాస్తే కారణం కూడా చీటీ మీద రాయమని వైద్య కళాశాలల డాక్టర్లను కోరింది. అడగటం తప్పు కాదు.

సబ్‌సెంటర్ అక్క

సభలు, మైకులు పెట్టకండి. మహిళా సంఘం నెల మీటింగులో, పొదుపు లెక్కలు ముగిశాక ఇరవై నిమిషాలు అడగండి. పది పన్నెండు మంది కంటే ఎక్కువుంటే మాటలు జారిపోతాయి. వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న గోళీల డబ్బా తెమ్మని ముందురోజే చెప్పండి. చాప మీద డబ్బా బోర్లిస్తే పాఠం దానంతటదే వస్తుంది. రోజూ వాడే బీపీ, షుగర్ గోళీలు ఒక కుప్ప, పారాసిటమాల్, ఓఆర్ఎస్, జింక్ ఒక కుప్ప, సగం వాడిన యాంటీబయాటిక్ ఒక కుప్ప, పేరూ తారీఖూ లేని ముక్కలు ఒక కుప్ప. మూడో, నాలుగో కుప్పలు తిరిగి ఇంటికి పోకూడదు. అయితే టీబీ మందు గానీ, ఇప్పుడు నడుస్తున్న కోర్సు గానీ అందులో పడిపోకుండా మీ ఏఎన్ఎం పక్కనే ఉండి చూడాలి. తీసిన వాటిని పెంటకుప్పలో, కాలవలో వేయొద్దు. ఎక్స్‌పైరీ మందులు బయోమెడికల్ చెత్తలో పసుపు సంచికి చెందుతాయి. పీహెచ్‌సీలో ఆ సంచి ఉంటుంది, కానీ ముందుగా మెడికల్ ఆఫీసర్‌ని అడిగి ఒప్పుకున్నాకే తీసుకెళ్లండి. ఊరంతటి గోళీలు ఒక్కసారిగా మూటగట్టి దింపితే వాళ్లూ ఇబ్బంది పడతారు.

పుండు మీద పౌడర్ విషయం. గొట్టం గోళీలో మందుతోపాటు పిండిలాంటి పదార్థం కూడా ఉంటుంది. అది నెత్తురుతో గట్టిపడి పెచ్చు కడుతుంది, లోపల చీము మూసుకుపోతుంది. సబ్బు, ధారగా పడే నీళ్లతో ఐదు నిమిషాలు కడిగి శుభ్రమైన గుడ్డ కట్టి ధనుర్వాతం రాకుండా వేసే ఇంజెక్షన్‌కి రమ్మనండి. కడగడం చేసి చూపిస్తేనే నమ్ముతారు.

ఆర్‌ఎంపీల గురించి. చట్టప్రకారం యాంటీబయాటిక్ రాసే, వేసే హక్కు వాళ్లకు లేదు. దీన్ని దాచిపెట్టి "మీరూ మా ప్రచారంలో డాక్టర్లే" అన్నట్టు స్టేజీ ఎక్కించొద్దు, ఆ ఫొటో రేపు క్లినిక్ గోడ మీద సర్టిఫికెట్ అవుతుంది. అలాగని నలుగురిలో నిలదీయొద్దు. రాత్రి పన్నెండింటికి తలుపు కొడితే లేచేది ఆయనే, ఊరు ఆయన వైపే ఉంటుంది. పీహెచ్‌సీ సూపర్‌వైజర్ విడిగా పిలిచి మాట్లాడితే మంచిది, సంఘం కాదు. అడగాల్సినవి: జలుబు, జ్వరానికి యాంటీబయాటిక్ సూది వద్దు, ముఖ్యంగా జెంటామైసిన్, అమికాసిన్. ఇవి కిడ్నీని, చెవి నరాన్ని దెబ్బ తీస్తాయి, పోయిన వినికిడి తిరిగి రాదు. సెఫ్ట్రియాక్సోన్ పడనివాళ్లకు నిమిషాల్లో బీపీ పడిపోతుంది, అప్పుడు కావాల్సిన అడ్రినలిన్ ఆయన దగ్గర ఉండదు. ఈ మాట ఆయనకు బాగా తగులుతుంది, కేసు ఆయన మీదకే వస్తుంది కాబట్టి. జ్వరం మూడు రోజులు దాటితే పీహెచ్‌సీకి పంపి, పంపినట్టు కాగితం మీద రాసిమ్మనండి. ఆ కాగితంతో వచ్చినవాళ్లను పీహెచ్‌సీలో మర్యాదగా, త్వరగా చూస్తేనే రెండోసారి పంపుతాడు. ఇది మీరు మెడికల్ ఆఫీసర్‌తో ముందే ఒప్పించుకోవాల్సిన పని.

గిరాకీ వైపు కూడా చూడండి. "సూది వెయ్యకపోతే డాక్టరే కాదు" అనేది మనమే. ఆ మాట ఆగనంతకాలం ఆయనొక్కడే మారడు.

పాడీ రొయ్యా

మనుషుల మందుల డబ్బా సరే, కొట్టంలో డబ్బా కూడా తెరిపించండి. ఊళ్లో సగం యాంటీబయాటిక్ గేదెలకు, కోళ్లకు పోతుంది అంటే అతిశయోక్తి కావచ్చు గానీ ఎవరూ లెక్క అడగని చోటు అదే.

పొదుగు వాపుకి చన్నులో మందు ట్యూబు ఎక్కించాక పాలు కేంద్రానికి పొయ్యకూడని రోజులు ఉంటాయి. ట్యూబు లేబుల్ మీద ఆ గడువు రాసి ఉండాలని 2012 నుంచి నిబంధన ఉంది. నిర్ధారించిన గడువు లేని మందైతే పాలు, గుడ్లకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు, చేపకు 500 డిగ్రీ-రోజులు. ఆఖరుదాని లెక్క సులువే: చెరువు నీళ్లు సగటున 28 డిగ్రీలుంటే 500ని 28తో భాగించండి, 18 రోజులు. చలికాలం నీళ్లు చల్లబడితే రోజులు పెరుగుతాయి.

ఎక్కువగా జరిగే తప్పు, ట్యూబు ఎక్కించిన చన్ను పాలు మాత్రం పక్కన పెట్టి మిగతా మూడు చన్నుల పాలు కేంద్రానికి పోయడం. మందు రక్తం ద్వారా వాటిలోకీ పోతుంది, నాలుగూ ఆపాలి. దూడకూ పట్టొద్దు. పాల కేంద్రం వాళ్లకు చెప్పే మాట: అలాంటి పాలు డబ్బాలో కలిస్తే తోడు సరిగ్గా పడదు, తోడులో ఉండే మంచి బ్యాక్టీరియాని ఆ మందే చంపుతుంది. డబ్బు నష్టం కాబట్టి వాళ్లు వింటారు.

పెరటి కోళ్లకు కొక్కెర తెగులు వస్తే మనిషి టెట్రాసైక్లిన్ గొట్టం విప్పి అన్నంలో కలుపుతారు. అది వైరస్ జబ్బు, గోళీకి లొంగదు. మొదటి వారంలో కంటిలోనో ముక్కులోనో లసోటా టీకా చుక్క, ఆరు నుంచి ఎనిమిది వారాలప్పుడు ఆర్‌టుబీ టీకా, అదీ దారి. కోళ్లదాణాలో కొలిస్టిన్ ఉన్న సంచి కనిపిస్తే కొనొద్దు. పశువులకు, కోళ్లకు, ఆక్వాకు దాన్ని 2019 జులైలోనే నిషేధించారు, ఆస్పత్రిలో ఏ మందూ పని చెయ్యనప్పుడు వాడే ఆఖరి మందుల్లో అదొకటి. రొయ్యల వైపు వాళ్లు ఎవరైనా చదువుతుంటే, తెల్లమచ్చ కూడా వైరసే. దానికి యాంటీబయాటిక్ వేస్తే రొయ్య బతకదు, పైగా ఎగుమతి పరీక్షలో అవశేషం బయటపడి సరుకు మొత్తం తిరిగొస్తుంది.

చెరువుగట్టు

అందరికీ దండాలు. షాపులోళ్లను ఒకే దినం కూసోబెడతం, డబ్బాల మీటింగు రెండు సంఘాలల్ల ముందు చేసి చూస్తం. ఇంకొక్కటి చెప్పండి: ఏమన్నా తగ్గిందా లేదా అన్నది మాకెట్ల తెలుస్తది? ఇంటింటికి పోయి అడిగితే అందరు "మేం వాడం" అనే అంటరు.

మందుల బీరువా

ఇంటింటి సర్వే వద్దు, మీరన్నట్టే చెబుతారు. షాపు కొనుగోలు బిల్లులు చూడండి, అమ్మకం బిల్లులు కాదు. చీటీ లేకుండా అమ్మినదానికి బిల్లు ఉండదు, హోల్‌సేల్ నుంచి తెచ్చినదానికి ఉంటుంది. షాపాయన ఒప్పుకుంటే ఐదే అంకెలు రాసుకోండి: నెలలో ఎన్ని అజిత్రోమైసిన్ 500 స్ట్రిప్పులు, ఎన్ని సెఫిక్సిమ్ స్ట్రిప్పులు, ఎన్ని అమాక్సిసిలిన్ స్ట్రిప్పులు, ఎన్ని ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఎన్ని జింక్ స్ట్రిప్పులు. అజిత్రో స్ట్రిప్‌లో మూడు, ఐదు గోళీలవి రెండూ ఉంటాయి కాబట్టి స్ట్రిప్పులు కాదు, గోళీలుగా మార్చి రాయండి. అమాక్సిసిలిన్ కొంచెం పెరిగితే కంగారు పడకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో అది మొదట వాడదగ్గ గుంపులో ఉంది, అజిత్రో, సెఫిక్సిమ్ ఆచితూచి వాడాల్సిన గుంపులో ఉన్నాయి. రెండో గుంపు తగ్గి మొదటిది కాస్త పెరగడం మంచి గుర్తే.

నవంబర్‌ని డిసెంబర్‌తో పోల్చొద్దు. జ్వరాల కాలం పోతే అమ్మకం ఎలాగూ పడిపోతుంది, మీ ప్రచారం గొప్పతనం అనుకుంటారు. పోయినేడు ఇదే నెల కొనుగోలు బిల్లులతో పోల్చండి. షాపాయన జీఎస్టీ కోసం అవి దాచే ఉంటాడు. ఒకవేళ రెండు షాపుల్లోనూ తగ్గి ఆర్‌ఎంపీల దగ్గర గిరాకీ పెరిగితే మందు తగ్గలేదు, చోటు మారింది. అందుకే ఆశా వర్కర్‌ని నెలకోసారి ఒక్కటి చూడమనండి: ఆర్‌ఎంపీ పంపిన కాగితాలతో పీహెచ్‌సీకి ఎంతమంది వచ్చారు, అందులో ఐదేళ్లలోపు పిల్లలు ఎంతమంది, జబ్బు మొదలైన ఎన్నో రోజున వచ్చారు. ఆ రోజుల సంఖ్య పెరుగుతుంటే అన్నీ ఆపి ముందు ఊపిరి లెక్క మీటింగులు మళ్లీ పెట్టండి.